ఏడీసీ బోర్డుకి పవర్ సప్లై లెక్క: టిపికల్ కరెంటు తీసుకోవాలా, మాక్సిమమా, దానిపైన ఇంకా మార్జినా?

ఎనిమిది_ఛానెళ్ళు (ఎలక్ట్రానిక్ సిటీ)

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. శుక్రవారానికి స్కీమాటిక్ రివ్యూ ముగించి లేఅవుట్‌కి ఇచ్చేయాలి, అందుకే ఈ తొందర.

బోర్డు ఇది. ఎనిమిది ఏడీసీలు (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్‌లు), ఒక్కోటి 14 బిట్లు, సెకనుకు 80 మిలియన్ శాంపిళ్ళు, సీమాస్ పారలల్ అవుట్‌పుట్ (బిట్టుకో లైను). అన్నీ ఒకే ఎఫ్‌పీజీఏకి (ఆ డేటాని అందుకునే లాజిక్ చిప్‌కి) వెళ్తాయి. బాక్సు పూర్తిగా మూసేసి ఉంటుంది, ఫ్యాన్ లేదు, లోపలి గాలి 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. 5 వోల్టుల్ని బక్ కన్వర్టర్ (స్విచ్చింగ్ రెగ్యులేటర్) 2.5కి దించుతుంది, అక్కణ్ణించి ఎల్‌డీఓ (స్విచ్చింగ్ లేకుండా, మిగులు వోల్టేజ్‌ని వేడిగా వదిలే రెగ్యులేటర్) 1.8 ఇస్తుంది. చిప్ పేరు బయట చెప్పే వీల్లేదు. డేటాషీట్‌లో అనలాగ్ సప్లై కరెంటు టిపికల్ 100 మిల్లీఆంప్స్, మాక్సిమమ్ 115. అవుట్‌పుట్ డ్రైవర్ సప్లైకి టిపికల్ 5 మిల్లీఆంప్స్ అని ఉంది. దాని పక్కన మాక్సిమమ్ గడి ఖాళీ.

మా మేనేజర్ గారు "మాక్సిమమ్ తీసుకుని పైన 30 శాతం వేయి" అంటారు. అంటే 115 ఎనిమిదుల 920, దానిపైన 30 శాతం కలిపితే దాదాపు 1.2 ఆంప్స్. థర్మల్ చూసే అమ్మాయి "1.2 ఆంప్స్ అయితే ఎల్‌డీఓలోనే 0.84 వాట్ల వేడి, దానికి హీట్ స్ప్రెడర్ పెట్టాలి. టిపికల్ తీసుకుంటే 0.56 వాట్లే, ఏమీ అక్కర్లేదు" అంటుంది. ఇద్దరి మాటా సబబుగానే అనిపిస్తోంది. మీరైతే ఏ నంబరు తీసుకుంటారు, ఎందుకు?

పీన్యా_పవర్

మాక్సిమమే తమ్ముడూ. టిపికల్ గడిలో ఉన్నదానికి చిప్ కంపెనీ ఏ హామీ ఇవ్వదు. 25 డిగ్రీల దగ్గర, సరిగ్గా 1.8 వోల్టుల మీద, మధ్యరకం సిలికాన్‌లో కనిపించే విలువ అది. నీ బాక్సులో గాలే 60 డిగ్రీలు, చిప్ లోపల ఇంకా ఎక్కువ. అక్కడ 112 తింటే ఎవరిని అడుగుతావు?

నేను చేసేది రెండు తీగల 4–20 మిల్లీఆంప్స్ ట్రాన్స్‌మిటర్లు. సిగ్నలూ ఆ లూప్‌లోనే, పవరూ ఆ లూప్‌లోనే. నామూర్ ఎన్‌ఈ43 అనే పరిశ్రమ సిఫార్సు ప్రకారం సెన్సర్ చెడిందని కంట్రోల్ రూమ్‌కి కింది వైపు నుంచి చెప్పాలంటే లూప్ కరెంటు 3.6 మిల్లీఆంప్స్‌కో అంతకన్నా తక్కువకో దిగాలి. అంటే ఏడీసీ, డీఏసీ (అంకెల్ని తిరిగి అనలాగ్‌గా మార్చే చిప్), మైక్రోకంట్రోలర్, రిఫరెన్స్, ఎల్‌డీఓ తన కోసం తాను వాడుకునేది, అన్నీ కలిసి 3.6 లోపల బతకాలి. టిపికల్ విలువలు కూడితే 3.2 వచ్చింది కదా అని వదిలేస్తే, ఎండాకాలంలో బాయిలర్ పక్కన అదే బోర్డు 3.7 తినొచ్చు. అప్పుడు సెన్సర్ తీగ తెగినా లూప్ 3.7 దగ్గరే ఆగిపోతుంది, తప్పు జరిగిందన్న సంగతి పైవాళ్ళకి అందదు. మా పనిలో ఇది ప్రాణాలకి సంబంధించిన విషయం.

మీ మేనేజర్ గారి 30 శాతానికి కూడా నేను ఓటేస్తాను.

సగటు_లెక్క (మారతహళ్ళి)

పీన్యా అన్న చెప్పింది ఒక చిప్‌కి సరే. ఎనిమిది చిప్‌లు ఉన్నప్పుడు అన్నీ ఒకేసారి మాక్సిమమ్‌కి వెళ్ళవు కదా. టిపికల్ కన్నా పైకి 15 మిల్లీఆంప్స్ అనుకుంటే, ఎనిమిదింటికి ఆ తేడాల్ని వర్గం చేసి కూడి వర్గమూలం తీయాలి. 15 × 2.83, అంటే 42. మొత్తం 842 చాలు. 920 పెట్టుకోవడమే ఎక్కువ, దాని మీద ఇంకో 30 శాతం అంటే బోర్డు ఖర్చుని చేతులారా పెంచుకోవడం.

ప్రోబ్‌కార్డ్ (సీవీ రామన్ నగర్)

నేను కన్వర్టర్ చిప్‌ల టెస్టింగులో ఉన్నాను కాబట్టి రెండు పక్కలకీ జవాబిస్తాను.

మొదట వర్గమూలం సంగతి. ఆ లెక్క నిలబడాలంటే ఒక చిప్ ఎక్కువ తినడానికీ పక్క చిప్ ఎక్కువ తినడానికీ సంబంధం ఉండకూడదు. మీ బోర్డు మీద ఎక్కే ఎనిమిది చిప్‌లూ ఒకే రీలులోంచి వస్తాయి. ఒకే రీలు అంటే చాలాసార్లు ఒకే వేఫర్ లాట్, అంటే ఫ్యాక్టరీలో ఒకే విడతలో తయారైన సిలికాన్. ఆ లాట్ కాస్త వేగంగా పనిచేసే సిలికాన్ అయితే ఎనిమిదీ అలాంటివే. పైగా ఎనిమిదీ ఒకే వేడిలో కూర్చుంటాయి, ఒకే 1.8 రైలు (సప్లై లైను) మీద నడుస్తాయి. లోపలి బయాస్ కరెంట్లు చాలా డిజైన్లలో టెంపరేచర్‌తో పాటు పెరుగుతాయి, లీకేజీ అయితే ఇంకా తొందరగా పెరుగుతుంది. పెరిగితే అన్నీ కలిసే పెరుగుతాయి. ఇక్కడ 842 అన్న లెక్కకి ఆధారం లేదు. వేర్వేరు కంపెనీల చిప్‌లు ఇరవై రకాలు కూడేటప్పుడు ఆ పద్ధతి కొంత పనికొస్తుంది, ఒకే చిప్ ఎనిమిదిసార్లు వాడినప్పుడు కాదు.

ఇక 30 శాతం సంగతి. డేటాషీట్‌లో మాక్సిమమ్ ఎలా పుడుతుందో చాలామంది బోర్డు డిజైనర్లు అడగరు. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ మన బెంగళూరులో డిజైన్ సెంటర్ తెరిచినప్పటి నుంచీ చిప్ చేసేవాళ్ళూ బోర్డు చేసేవాళ్ళూ ఇక్కడ పక్క పక్క వీధుల్లోనే ఉన్నారు, అయినా ఈ మాట అటూ ఇటూ పెద్దగా దాటలేదు. క్యారెక్టరైజేషన్‌లో వేర్వేరు లాట్ల చిప్‌లని చల్లటి చివరా వేడి చివరా, సప్లై వోల్టేజ్ పై అంచునా కింది అంచునా కొలుస్తాం. ఆ చెదురు మీద కొంత ఖాళీ వదిలి హద్దు గీస్తాం. తర్వాత ఫ్యాక్టరీ టెస్టర్‌లో ఆ హద్దుకన్నా కాస్త లోపలే చిప్‌ని తిరస్కరిస్తాం, టెస్టర్ కొలతలో ఉండే తప్పుకి కూడా చోటు ఉండాలి కాబట్టి. అంటే 115 అన్న అంకెలో మార్జిన్ ముందే వేసి ఉంది. దాని మీద 30 శాతం వేస్తే అది మార్జిన్ మీద మార్జిన్.

నా సలహా: అనలాగ్ సప్లైకి 920, అంతే. అయితే ఆ గడి పక్కన ఉండే చిన్న అక్షరాలు చదవండి. ఏ శాంపిల్ రేటు దగ్గర, ఏ ఇన్‌పుట్ సిగ్నల్‌తో, ఏ మోడ్‌లో ఆ మాక్సిమమ్ ఇచ్చారో అక్కడే ఉంటుంది. కింద ఫుట్‌నోట్‌లో "ప్రొడక్షన్‌లో టెస్ట్ చేయలేదు" అని ఉంటే ఆ విలువని వేరేగా చూడాలి.

పీన్యా_పవర్

ప్రోబ్‌కార్డ్ గారూ, చిప్ కోసం మార్జిన్ అని నేను అనలేదు. బోర్డు కోసం. రివిజన్ బీలో ఎవరో వచ్చి "ఇక్కడో ఆప్-ఆంప్ పెడదాం, అక్కడో క్లాక్ బఫర్ పెడదాం" అంటారు. అప్పుడు పవర్ మళ్ళీ మొదటి నుంచీ చేయాలా?

ప్రోబ్‌కార్డ్

అలాగైతే దానికి లెక్కల షీటులో ఒక వరస వేసి, పేరు పెట్టి, అంకె రాయండి: "తర్వాత వచ్చే క్లాక్ బఫర్, 60 మిల్లీఆంప్స్" అని. 30 శాతం అని గుడ్డిగా రాస్తే ఆర్నెల్ల తర్వాత అది దేని కోసమో ఎవరికీ గుర్తుండదు. ఒకడు దాన్ని వాడేసుకుంటాడు, ఇంకొకడు దాని మీద మళ్ళీ 30 వేస్తాడు.

లేఅవుట్_అక్క (వైట్‌ఫీల్డ్)

ఈ వాదనలో రెండు వేరు వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. మీ మేనేజర్ అడిగేది రెగ్యులేటర్ ఎంత ఇవ్వగలగాలని. థర్మల్ అమ్మాయి అడిగేది రెగ్యులేటర్ ఎంత వేడెక్కుతుందని. రెండింటికీ ఒకే అంకె వాడాలని ఎవరన్నారు?

1.2 ఆంప్స్ ఇవ్వగల ఎల్‌డీఓ పెట్టినంత మాత్రాన 0.84 వాట్లు పుట్టవు. చిప్‌లు ఎంత లాగితే అంతకే వేడి. వేడి లెక్కకి నిజంగా రాగల పెద్ద కరెంటు తీసుకోండి: 0.92 ఆంప్స్, మధ్యలో పడే 0.7 వోల్టులు, అంటే దాదాపు 0.64 వాట్లు. టిపికల్ మీద 0.56 అన్నారు, అది తక్కువే. ఎందుకంటే మీరు లెక్క వేస్తున్నది వేడి బాక్సుకి. 25 డిగ్రీల అంకె తెచ్చి 60 డిగ్రీల బాక్సులో వేడి లెక్క వేస్తే ఆ రెండూ పొసగవు.

కెపాసిటీకి మాత్రం కాస్త పెద్ద ఎల్‌డీఓ తీసుకోండి, పీన్యా అన్న కారణానికి కాదు, ఇంకో కారణానికి. ఎల్‌డీఓని దాని పూర్తి రేటింగు దగ్గర నడిపితే డ్రాపవుట్ (ఎల్‌డీఓ పనిచేయడానికి కావలసిన కనీస వోల్టేజ్ తేడా) పెరుగుతుంది. అవుట్‌పుట్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య ఖాళీ తగ్గేకొద్దీ పీఎస్‌ఆర్‌ఆర్ (సప్లైలోని రిపుల్ని ఆపే శక్తి) పడిపోతుంది. ముందు ఉన్న బక్ కన్వర్టర్ స్విచ్చింగ్ రిపుల్ని ఆపడానికే కదా ఎల్‌డీఓ పెట్టింది. 1 ఆంప్ ఎల్‌డీఓలోంచి 0.92 లాగితే ఆపాల్సినప్పుడే అది సరిగ్గా ఆపదు. 14 బిట్ల ఏడీసీలో ఆ రిపుల్ స్పెక్ట్రమ్ మీద స్పర్‌గా (అసలు సిగ్నల్‌లో లేని గీతగా) లేచి నిలబడుతుంది.

అలాగని ఎక్కువ వేయడం అన్నిచోట్లా మంచిది కాదు. బక్ కన్వర్టర్‌ని మరీ పెద్దది పెట్టి తక్కువ లోడ్ మీద నడిపితే కొన్ని రకాలు పల్సులు వదిలేసే మోడ్‌లోకి దిగిపోతాయి. అప్పుడు రిపుల్ ఫ్రీక్వెన్సీ కిందికి జారి, మీ ఇన్‌పుట్ బ్యాండ్ మధ్యలోకే రావచ్చు. ఫోర్స్‌డ్ పీడబ్ల్యూఎమ్ మోడ్ (పల్సులు వదలకుండా ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీతో స్విచ్ చేసేది) ఉన్నది ఎంచుకోండి.

ఫెరైట్ బీడ్ల (సప్లై లైనులో హై ఫ్రీక్వెన్సీ నాయిజ్‌ని ఆపే చిన్న భాగాల) దగ్గర మాత్రం కరెంటు అంచనా తక్కువ వేస్తే ఖచ్చితంగా దెబ్బ తింటారు. ఒక్కో ఏడీసీకి ఒక్కో బీడ్ పెడతారనుకుంటున్నాను. 200 మిల్లీఆంప్స్ రేటింగు బీడ్‌లో 115 వెళ్తే కాలిపోదు, నిజమే. కానీ డీసీ కరెంటు పెరిగేకొద్దీ బీడ్ కోర్ సాచురేట్ అవుతుంది, రేటింగుకి చాలా ముందే ఇంపెడెన్స్ బాగా తగ్గిపోతుంది. డేటాషీట్ మొదటి పేజీలో ఉండే ఆ పెద్ద ఓముల విలువ కరెంటు లేనప్పటిది. పైగా డీసీ రెసిస్టెన్స్ 0.3 ఓములు ఉంటే 115 మిల్లీఆంప్స్‌కి 35 మిల్లీవోల్టులు అక్కడే పోతాయి. 1.8 వోల్టుల రైలుకి కిందికి 100 మిల్లీవోల్టులే అనుమతి ఉంటే మూడోవంతు బీడ్‌కే సమర్పించినట్టు.

కొత్తగా_చేరా

అక్కా, నాదో చిన్న సందేహం. డ్రైవర్ సప్లైకి మాక్సిమమ్ గడి ఎందుకు ఖాళీగా వదిలేశారు? అది టెస్ట్ చేయరా?

లేఅవుట్_అక్క

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. అసలు ఈ థ్రెడ్‌లో అందరూ 115 దగ్గర కొట్టుకుంటున్నారు గానీ ఈ బోర్డుకి ప్రమాదం ఆ 5 దగ్గర ఉంది.

అనలాగ్ కరెంటు చిప్ లోపలి సంగతి, అందుకని చిప్ కంపెనీ హామీ ఇవ్వగలదు. డ్రైవర్ కరెంటు మాత్రం చిప్ బయట నువ్వేం తగిలించావన్న దాని మీద ఉంటుంది. ప్రతి అవుట్‌పుట్ లైనూ ఒక కెపాసిటర్. లైను సున్నా నుంచి ఒకటికి లేచిన ప్రతిసారీ ఆ కెపాసిటర్ నిండడానికి కావలసిన చార్జి డ్రైవర్ సప్లై నుంచే రావాలి. నీ ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) ఎంత పొడుగో, నీ ఎఫ్‌పీజీఏ పిన్ ఎంత కెపాసిటెన్స్ మోస్తుందో కంపెనీకి తెలియదు. అందుకే 5 పికోఫారడ్ల లోడు, తక్కువ ఫ్రీక్వెన్సీ సైన్ వేవ్ అని ఒక షరతు పెట్టుకుని టిపికల్ ఇచ్చి ఊరుకుంటారు.

ఇప్పుడు మన బోర్డు చూద్దాం. ఎనిమిది ఏడీసీలు ఒకే ఎఫ్‌పీజీఏకి వెళ్తున్నాయంటే దూరంగా ఉన్న చిప్‌కి ట్రేస్ 7 సెంటీమీటర్లైనా ఉంటుంది. మామూలు ఎఫ్‌ఆర్4 బోర్డు మీద 50 ఓముల ట్రేస్‌కి సెంటీమీటరుకి సుమారు 1.2 పికోఫారడ్లు. ట్రేస్‌కి 8, ఎఫ్‌పీజీఏ పిన్‌కి ఇంకో 8 అనుకుందాం. మొత్తం 16. డేటాషీట్ షరతుకి మూడు రెట్లకి పైనే.

కరెంటు = కెపాసిటెన్స్ × వోల్టేజ్ × ఫ్రీక్వెన్సీ. 16 పికోఫారడ్లు, 1.8 వోల్టులు, 80 మెగాహెర్ట్జ్. ఒక లైనుకి 2.3 మిల్లీఆంప్స్. 14 లైన్లకి 32, చిప్‌తో పాటు బయటికొచ్చే డేటా క్లాకుకి 2.3. ఎనిమిది చిప్‌లకి మొత్తం 275 మిల్లీఆంప్స్. మీరు షీటులో ఎంత రాశారు? ఐదెనిమిదుల నలభై!

సగటు_లెక్క

అక్కా, ఇక్కడ నేను ఒప్పుకోను. 80 మెగాహెర్ట్జ్ క్లాకు అయినంత మాత్రాన డేటా లైను 80 మెగాహెర్ట్జ్‌లో ఊగదు. ప్రతి శాంపిల్‌కీ లైను మారినా, ఒక శాంపిల్‌లో పైకి, తర్వాతి శాంపిల్‌లో కిందికి. రెండు శాంపిళ్ళకి ఒక పూర్తి చక్రం, అంటే 40 మెగాహెర్ట్జ్. సప్లై నుంచి చార్జి వచ్చేది పైకి లేచేటప్పుడే, కిందికి దిగేటప్పుడు ఆ చార్జి గ్రౌండుకి పోతుంది. కాబట్టి లైనుకి 1.15 మిల్లీఆంప్స్, 14 లైన్లకి 16. డేటా క్లాకు మాత్రం ప్రతి శాంపిల్‌కీ ఒక పూర్తి చక్రం తిరుగుతుంది, దానికి 2.3 సరే. చిప్‌కి 18.4, ఎనిమిదింటికి 148. పాత డేటాషీట్లలో పూర్తి క్లాకు ఫ్రీక్వెన్సీ వేసిన సూత్రం కనిపిస్తుంది, అదే అందరూ ఎత్తి రాస్తుంటారు.

పైగా ఇది కూడా ప్రతి లైనూ ప్రతి శాంపిల్‌కీ మారితేనే. మామూలు సిగ్నల్‌లో సగం సార్లే మారుతుంది, అప్పుడు ఎనిమిదింటికి 83. మీరు 275 అన్నారు!

లేఅవుట్_అక్క

సగం ఫ్రీక్వెన్సీ మాట సరైనదే, ఆ సూత్రంలో పూర్తి క్లాకు వేస్తే రెండింతలు వస్తుంది. పెద్ద హద్దు 148 అని రాసుకుందాం. దానికి చిప్ లోపలి డ్రైవర్లు తాము తినేది కూడా కలపాలి, అందుకని నేనైతే 160 అంటాను. కానీ 83 మీద రైలు కట్టడం ఒప్పుకోను. ఇన్‌పుట్ ఏమిటో మీ చేతిలో ఉండదు. శాంపిల్ రేటులో సగం దగ్గర పెద్ద సిగ్నల్ వచ్చిందంటే ప్రతి బిట్టూ ప్రతిసారీ మారుతుంది.

ఇంకోటి కూడా చూడండి. ఇన్‌పుట్‌లో ఏ సిగ్నలూ లేనప్పుడు కరెంటు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. ఇన్‌పుట్ సరిగ్గా మిడ్-స్కేల్ (కొలవగల పరిధికి నడిమధ్య) దగ్గర ఉంటే, నాయిజ్ వల్ల కోడు 01111111111111కీ 10000000000000కీ మధ్య ఊగుతుంది. టూస్ కాంప్లిమెంట్ (రుణ సంఖ్యల్ని కూడా బిట్లలో రాసే పద్ధతి) పెట్టుకున్నా అంతే, అన్నీ సున్నాలూ అన్నీ ఒకట్లూ. ఖాళీ ఇన్‌పుట్ మీద 14 లైన్లూ ఒకేసారి ఎగురుతుంటాయి!

ప్రోబ్‌కార్డ్

ఇక్కడ ఒక సవరణ. మిడ్-స్కేల్ దగ్గర నాయిజ్ యాదృచ్ఛికం కాబట్టి ప్రతి శాంపిల్‌కీ గీత దాటదు, సగటున సగం సార్లే దాటుతుంది. కాబట్టి సగటు కరెంటు 83 దగ్గరే ఉంటుంది, 148కి వెళ్ళదు. సగటులో అది నిజమైన సిగ్నల్‌తో సమానం. తేడా ఎక్కడంటే, నిజమైన సిగ్నల్‌లో కొన్ని లైన్లు లేస్తే కొన్ని దిగుతాయి. ఇక్కడ 14 లైన్లలో కనీసం 13 కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి. ఆ క్షణంలో గ్రౌండ్ మీద పడే కుదుపు పెద్దది, అది తిరిగి అనలాగ్ ఇన్‌పుట్‌లోకే దూరుతుంది. లీనియర్ టెక్నాలజీ వాళ్ళ కొన్ని ఏడీసీలలో బేసి బిట్లని తిరగేసి పంపే మోడ్, బిట్లని కలగాపులగం చేసే రాండమైజర్ మోడ్ ఇందుకే పెట్టారు.

ఇది రెగ్యులేటర్ కెపాసిటీ సమస్య కాదు, డీకప్లింగ్ కెపాసిటర్ల (చిప్ పక్కనే చార్జి నిల్వ ఉంచేవాటి) సమస్య. లైనులో సీరీస్ రెసిస్టర్లు పెడితే ఆ కుదుపు తగ్గుతుంది, సగటు కరెంటు మాత్రం తగ్గదు. చార్జి అంతే కావాలి, కాస్త నెమ్మదిగా నిండుతుంది.

ఎనిమిది_ఛానెళ్ళు

ఇదంతా చదివాక ఒక మాట అడగాలనిపిస్తోంది. 148 అన్నది కాగితం మీది అంకె. దీన్ని కొలిచే దారి ఉందా? ఇవాల్యుయేషన్ బోర్డు ఒకటి నా టేబుల్ మీదే ఉంది.

ప్రోబ్‌కార్డ్

ఉంది. ఇలాంటి ఏడీసీలలో ఎస్‌పీఐ (చిప్ సెట్టింగులు మార్చే సీరియల్ లైన్లు) ద్వారా టెస్ట్ ప్యాటర్న్లు పెట్టుకోవచ్చు. అన్ని సున్నాలూ అన్ని ఒకట్లూ శాంపిల్ శాంపిల్‌కీ మార్చే ప్యాటర్న్ ఒకటి ఉంటుంది, చెకర్‌బోర్డ్ (1010, 0101 మార్చి మార్చి పంపేది) ఉంటుంది. ఏది పెట్టినా ప్రతి లైనూ ప్రతిసారీ మారుతుంది, ఇన్‌పుట్ సిగ్నల్‌తో పని లేదు. అదే నీ నిజమైన పెద్ద హద్దు.

అదే ప్యాటర్న్ మీద శాంపిల్ రేటుని 80 దగ్గరా 40 దగ్గరా పెట్టి డ్రైవర్ కరెంటు కొలువు. రెండింటి తేడా నుంచి ఆ బోర్డు మీద మొత్తం ఎంత కెపాసిటెన్స్ ఉందో వస్తుంది. నీ బోర్డు ట్రేస్‌ల పొడుగు తెలుసు కాబట్టి ఆ అంకెని నీ బోర్డుకి తగ్గట్టు సవరించుకోవచ్చు. సూత్రం మీద సగమా మొత్తమా అన్న గొడవ కూడా అక్కడితో తేలిపోతుంది.

మల్టీమీటర్ని మిల్లీఆంప్స్ రేంజిలో నేరుగా రైలులో పెట్టకు. లోపలి షంట్, ఫ్యూజు, తీగలు కలిపి రెండు ఓములున్నా 100 మిల్లీఆంప్స్‌కి 0.2 వోల్టు పోతుంది, 1.8 రైలు 1.6 అయిపోతుంది. ఆ వోల్టేజ్ దగ్గర చిప్ తినే కరెంటు నీకు పనికొచ్చేది కాదు. డ్రైవర్ రైలులో సున్నా ఓముల లింకు తీసి 1 ఓము పెట్టి దాని మీద వోల్టేజ్ చూడు. 20 మిల్లీఆంప్స్‌కి 20 మిల్లీవోల్టులు, చక్కగా చదవొచ్చు. అనలాగ్ రైలుకి 0.1 ఓము.

పీన్యా_పవర్

కొలిచేదేదో హీట్ చాంబర్‌లో కూడా కొలవండి. గది వేడిలో కొలిచిన ఒక్క చిప్ అంటే అదీ టిపికలే, మీరు చేతులతో చేసుకున్న టిపికల్.

కొత్తగా_చేరా

ఎల్‌వీడీఎస్ అవుట్‌పుట్ (జత లైన్ల మీద చిన్న వోల్టేజ్‌తో పంపేది) ఉన్న చిప్ తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా? డేటా ఏదైనా కరెంటు ఒకటే అంటారు.

సగటు_లెక్క

అవును, ఒక్కో జతకి 3.5 మిల్లీఆంప్స్, 100 ఓముల మీద 350 మిల్లీవోల్టులు. డబుల్ డేటా రేటు (ఒక జత మీద క్లాకుకి రెండు బిట్లు) అయితే 14 బిట్లకి 7 జతలు, క్లాకుకి ఒకటి. 8 × 3.5, చిప్‌కి 28 మిల్లీఆంప్స్. ఎనిమిది చిప్‌లకి 224. సీమాస్ పెద్ద హద్దు కన్నా ఎక్కువే, అయితే మారదు. రైలు మీద కుదుపు ఉండదు, లెక్క తేలిక, ఏడీసీకి నాయిజ్ తక్కువ. బ్యాటరీ మీద నడిచే పెట్టెకి మాత్రం ఇష్టపడను.

బ్యాటరీ అన్నాను కాబట్టి టిపికల్‌కి నా వైపు నుంచి ఒక మాట. బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్నదానికి టిపికల్ సగటే సరైనది. సార్ (SAR, ఒక్కో బిట్టునీ పోల్చి తేల్చే) రకం ఏడీసీలైతే శాంపిల్ రేటుతో పాటే పవర్ తగ్గుతుంది. ఏడీ7980 చూడండి, సెకనుకు 10 లక్షల శాంపిళ్ళ దగ్గర 7 మిల్లీవాట్లు, 10 వేల శాంపిళ్ళ దగ్గర 70 మైక్రోవాట్లు. 10 వేల శాంపిళ్ళ డేటా లాగర్‌కి పై రేటు మాక్సిమమ్ వేస్తే బ్యాటరీ వంద రెట్లు తప్పుగా లెక్క వేసినట్టు. "ఎప్పుడూ మాక్సిమమ్" అన్న సూత్రం అక్కడ పనిచేయదు.

పీన్యా_పవర్

నా ట్రాన్స్‌మిటర్లలో అలాంటి చిప్‌లే వాడతాను. నేను వేసేది నేను నడిపే రేటు దగ్గర మాక్సిమమ్. పై రేటుది కాదు. ఆ మాట ముందే చెప్పాల్సింది, ఇక్కడ చెబుతున్నా.

డీఏసీలు వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక కూడా. వోల్టేజ్ అవుట్‌పుట్ డీఏసీల సప్లై కరెంటుని డేటాషీట్లలో మామూలుగా లోడు లేకుండా ఇస్తారు. 5 వోల్టులు 2 కిలో ఓముల్లోకి ఇస్తే ఛానెల్‌కి 2.5 మిల్లీఆంప్స్ అదనం, ఎనిమిది ఛానెళ్ళకి 20. డిజిటల్ ఇన్‌పుట్లు పూర్తిగా సున్నా దగ్గరో సప్లై దగ్గరో ఉన్నప్పటి అంకె అని కూడా షరతు ఉంటుంది. 5 వోల్టుల డీఏసీని 3.3 లాజిక్‌తో నడిపితే ఇన్‌పుట్ బఫర్లలో పైదీ కిందదీ రెండూ కొంచెం తెరుచుకుని ఊరికే కరెంటు పారుతుంది. దానికి గ్రాఫ్ డేటాషీట్ చివరి పేజీల్లో ఉంటుంది, చూడండి.

లేఅవుట్_అక్క

పవర్ ఆన్ అయ్యే క్షణం ఎవరూ ఎత్తలేదు. ఒక్కో ఏడీసీకి 22 మైక్రోఫారడ్లు పెడితే ఎనిమిదింటికి 176. ఎల్‌డీఓ అర మిల్లీసెకనులో 1.8కి ఎక్కితే కెపాసిటర్లు నిండడానికే 0.63 ఆంప్స్. అదే సమయంలో చిప్‌లూ మేలుకుంటుంటాయి. రెండూ కలిసి ఎల్‌డీఓ కరెంటు లిమిట్‌ని తాకితే మామూలు రకమైతే నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. లిమిట్ తాకినప్పుడు కరెంటుని ఇంకా తగ్గించే ఫోల్డ్‌బ్యాక్ రకమైతే సగంలో ఇరుక్కుపోవచ్చు. సాఫ్ట్ స్టార్ట్ (వోల్టేజ్ మెల్లగా ఎక్కే సమయం) 2 మిల్లీసెకన్లకి పెంచితే 0.63 కాస్తా 0.16 అవుతుంది.

ఎనిమిది_ఛానెళ్ళు

అందరికీ ధన్యవాదాలు. షీటుని ఇలా మారుస్తున్నాను. అనలాగ్ రైలు 920 మిల్లీఆంప్స్, 1.5 ఆంప్స్ ఎల్‌డీఓ, కారణం పీఎస్‌ఆర్‌ఆర్ అని పక్కనే రాస్తాను. వేడి లెక్క 0.64 వాట్లకి. డ్రైవర్ రైలు వేరు చేసి 160కి, దానికి 300 మిల్లీఆంప్స్ ఎల్‌డీఓ. టెస్ట్ ప్యాటర్న్‌తో కొలిచాక ఆ 160ని సరిచేస్తాను. బీడ్లు 500 మిల్లీఆంప్స్ రేటింగువి. సాఫ్ట్ స్టార్ట్ 2 మిల్లీసెకన్లు. రెండు రైళ్ళూ కలిసి బక్ మీద 1.08 ఆంప్స్, దానికి 2 ఆంప్స్ బక్, ఫోర్స్‌డ్ పీడబ్ల్యూఎమ్‌లో. 30 శాతం వరస తీసేశాను.

పీన్యా_పవర్

తీసేయొద్దు. 2021, 22లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారు మొత్తం తిరిగినా దొరకని ఏడీసీలకి బదులు పిన్లు సరిపోయే వేరే ఏడీసీలు పెట్టి ఎంతమంది బోర్డులు పంపారో గుర్తుందా? ఆ బదులు చిప్ ఎక్కువ తిన్నా మోయగలిగిన రైళ్ళున్న బోర్డులే అలా బయటపడ్డాయి.

ప్రోబ్‌కార్డ్

దానికీ నాది అదే మాట అన్నా. బదులుగా పెట్టగల చిప్ ఏదో ఇప్పుడే చూసి, దాని డేటాషీట్ తెరిచి, దాని మాక్సిమమ్‌ని ఇంకో వరసలో రాయమనండి. 30 అక్కర్లేదు, అది 12 కావచ్చు, 45 కావచ్చు.

పీన్యా_పవర్

రెండేళ్ళ తర్వాత ఏ చిప్ దొరుకుతుందో ఇప్పుడే ఎవరికి తెలుసు?

ఎనిమిది_ఛానెళ్ళు

పిన్లు సరిపోయే చిప్‌లు రెండు దొరికాయి. ఒకదానికి మాక్సిమమ్ 128, ఇంకోదానికి 140. రెండోది పెడితే అనలాగ్ రైలు 1.12 ఆంప్స్, 1.5 ఎల్‌డీఓ మోస్తుంది, వేడి 0.78 వాట్లవుతుంది. ఆ వరస చేర్చాను, థర్మల్ అమ్మాయికి కూడా అదే అంకె పంపాను. హీట్ స్ప్రెడర్‌కి స్క్రూ రంధ్రాలు మాత్రం బోర్డు మీద వదలమంది.